మత్తయ్య మామ మడత కత్తి

అనంతగిరి,
జులై 4.

గోపికి మామ మత్తయ్య రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నం. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నదో రాయి.

ఈ పొట్లంల నా మడత కత్తి పెట్టిన. ఇరవై రెండేండ్ల సంది నర్సరీల నిమ్మ మొక్కకు బత్తాయి చిగురు కన్ను అంటు కట్టేది దీంతోనే. ఇప్పుడది తెరుచుకుంటలేదు. చెట్టు జిగురు కీలులకు పోయి రాయి లెక్క గట్టిపడ్డది. మొన్న తెరవబోతే నా గోరు లేచింది గానీ కత్తి లేవలే. నీ ఫోన్ల షాపుల సన్న స్క్రూడ్రైవర్లు ఉంటయి గదా. విప్పు. కడుగు. ఆరబెట్టు. బిగించు. నాలుగు పనులు. ఐదో పని చెయ్యకు.

కొత్తది కొనుక్కో మామా అంటవు. అనకు. ఇది చేతికి అలవాటైన కత్తి.

పొట్లానికి మూడు ముడులు ఏసిన. నాలుగు ఉన్నా, రెండే ఉన్నా దారిల ఎవరో విప్పినట్టు. నేను కట్టేటప్పుడు లక్ష్మయ్య వచ్చి "ఎక్కడికి పంపుతున్నవ్ మత్తన్నా" అని గట్టిగ అడిగిండు. వానికెందుకు? నా దగ్గరనే పని నేర్చుకున్నోడు, పక్క మడిల అంటు కడ్తడు. ఈ నడుమ మాటిమాటికి నా చేతుల దిక్కు చూస్తున్నడు. ఎందుకు చూస్తున్నడో కనుక్కుంట.

ఫోన్ చెయ్యకు. మిర్యాలగూడ మిల్లుల పదేండ్లు మిషన్ పక్కన నిలబడి చెవులు ఆడనే ఇడిసిపెట్టి వచ్చిన. మెసేజ్ పెట్టకు. ఆ చిన్న డబ్బాల అక్షరాలు చీమల లెక్క పాకుతయి, ఇంకెవరితోనో చదివించుకోవాలె. మన మాట పక్కోని నోట్లె ఎందుకు? ఉత్తరం రాయి.

— మామ


సూర్యాపేట,
జులై 9.

అనంతగిరి నర్సరీ సామ్రాజ్యమున నిమ్మలకు బత్తాయిలతో కల్యాణములు జరిపించు పురోహితులైన మత్తయ్య మామ గారి సముఖమునకు, బీఎస్సీ ఫిజిక్సులో ఆర్జించిన సమస్త జ్ఞానాన్నీ పగిలిన డిస్‌ప్లేల మార్పిడికి అంకితం చేసిన మేనల్లుడు గోపి చేయు వందనములు.

అమ్మ మోకాళ్ళు అమ్మ మాట వినడం లేదు. మిగతా ఇల్లంతా వింటోంది.

ముడులు మూడే ఉన్నాయి. సాక్షుల సమక్షంలో లెక్కించాము. సాక్షులనగా నేనూ, పక్క షాపు టైలరూ. ఇక శస్త్రచికిత్స నివేదిక.

రోగిని తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి దీపం దగ్గరికి లాగాను. మరలు మూడు. మొదటి రెండూ మర్యాదస్తులు, చెప్పగానే తిరిగాయి. కీలు దగ్గర ఉన్న మూడోవాడు మాత్రం నా మేనమామ పోలికే. వాడి నెత్తిన స్పిరిట్ చుక్క వేసి, అరగంట ఆగి, బతిమాలితే కదిలాడు. పిడి రెండు చెక్కలుగా విడిపోయింది. లోపల చూడాలి మామా! ఇరవై రెండేళ్ళ జిగురు జీడిపప్పు పాకం లాగా నల్లగా గడ్డకట్టి ఉంది. పుల్లతో గీకాను, పాత పళ్ళ బ్రష్షుతో తోమాను, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. ఆ బ్రష్షు ఇప్పుడు లోకంలో లేదు. కీలుకు అటొకటి ఇటొకటి చిన్న ఇత్తడి వాచర్లు. కత్తి, పిడి చెక్కలు ఒకదాన్నొకటి రాసుకోకుండా మధ్యవర్తులన్నమాట. వాటిని తోమితే బంగారు ముక్కుపుడకల్లా మెరిశాయి.

ఆ తరువాత కొంత సమయం గడిచింది.

అదే బల్ల మీద ఒక కస్టమర్ ఫోను కూడా పొట్ట తెరుచుకుని ఉంది. ఆయన "బాబూ, బస్సు పోతది, జల్ది" అని ఒకటే పరేషాన్ చేశాడు. ఇద్దరు రోగులనూ ఒకేసారి కుట్టేసి ఇంటికి పంపాను.

నాలుగు పనులూ పూర్తి. ఐదోది అడగకు. మేనల్లుడి చిన్న కానుక అనుకో. కత్తి ఇప్పుడు ఒంటి చేత్తో తెరుచుకుంటుంది, పెళ్ళికూతురి చెల్లెలి నవ్వు లాగా.

— గోపి


అనంతగిరి,
జులై 20.

గోపికి,

ముడులు మూడే ఉన్నయి గానీ మూడోది తక్కిన రెండింటి తీరు లేదు. నువ్వేసినవా?

కత్తి తెరిచిన. చెవులు లేకున్నా దాని టక్కు నా బొటనవేలుకు తెలిసేది. తెరిస్తే టక్, మూస్తే టక్. ఇప్పుడా టక్కు లేదు. వెన్నల పోయినట్టు పోతుంది. నిన్న మడిల వంగితే జేబుల దానంతటదే తెరుచుకున్నది. అంగీ చిరిగింది. ఇంకో ఏలెడు లోపలికైతే నేను చిరుగుదును.

కీలు పక్కన సందుల ఎండకు పెట్టి చూసిన. ఒక దిక్కు పచ్చగ ఉంది. ఇంకో దిక్కు తెల్లగ ఉంది. ఇత్తడి తెల్లగ ఎట్లయితది?

పిడి నాదే. దాని మీద నోట్ల కరిచిపట్టిన పండ్ల గాట్లు నాయే. లోపలి ఇనుము నాదా కాదా? ఐదో పని ఏం చేసినవో రాయి. నిజం రాయి.

— మామ


సూర్యాపేట,
జులై 24.

మామా!

హృదయం ముక్కలైంది. ముక్కలను తెల్లగుడ్డలో మూటగట్టి పెట్టాను, తీరిక ఉన్నప్పుడు నువ్వే అంటు కట్టు. సొంత మేనల్లుడు ఇనుము మారుస్తాడా? మార్చిన ఇనుము నేనేం చేసుకుంటాను? అమ్మ ఉల్లిపాయలు కోసేదానికే కత్తులు ఎక్కువయ్యాయి మా ఇంట్లో.

తెల్లదనం గురించి నా శాస్త్రీయ అభిప్రాయం: వయసు. నీ మీసం నెరిసింది, ఎవరైనా వచ్చి ఇది మత్తయ్య మీసమేనా అని అడిగారా? ఇత్తడికీ వయసొస్తుంది.

ఐదో పని: మెత్తటి గుడ్డతో తుడిచి, కళ్ళకద్దుకున్నాను. అంతే. మూడో ముడీ నేనే వేశాను.

ఇప్పుడు నా వంతు. నాకూ ఒక అనుమానం ఉంది, పెద్దవాడివని ఇన్నాళ్ళూ దాచాను. నీ అక్షరాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గుండ్రంగా, పొందికగా, వరుసలో నిలబెట్టిన నిమ్మ మొక్కల్లా ఉండేవి. ఈ రెండు ఉత్తరాల్లో చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. 'మ' రాయడానికి ఇంత ప్రయాణం దేనికి? నీ పేరు మీద ఇంకెవరో రాస్తున్నారు. లక్ష్మయ్యేనా?

కాబట్టి పరీక్ష. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నీ సైకిల్ గంట పీకి ఎక్కడ దాచాను? సరైన జవాబొస్తేనే నువ్వు నువ్వు. లేకపోతే నీ తరువాతి ఉత్తరానికి ఫోరెన్సిక్ వారి చేత జవాబు రాయిస్తాను.

— హృదయం లేని గోపి


అనంతగిరి,
ఆగస్టు 14.

గోపికి,

నూకల డబ్బాల దాచినవ్. మూడు నెలలు నేను నోటితో గంట కొట్టుకుంట సైకిలు తొక్కిన. నేను నేనే. పెన్ను మంచిది కాదు, అందుకే రాత అట్లుంది.

ఇక్కడ పని చెడ్డది. నవ్వకుండ చదువు.

నీ దగ్గరి నుంచి కత్తి వచ్చినంక ఎనిమిది వందల మొక్కలు కట్టిన. నిమ్మ బెరడు మీద గాటు పెట్టి, బెరడు లేపి, అండ్ల బత్తాయి కన్ను దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుడ్తం. మూడు వారాలకు పట్టీ విప్పితే కన్ను పచ్చగ ఉంటే పట్టినట్టు. నల్లగైతే పోయినట్టు. నావి వందల పది పోతయి, ఎక్కువంటే పదిహేను. ఈసారి వందల పదిహేనే మిగిలినయి. తతిమ్మాయన్ని నల్లగైనయి. గాటు చుట్టూ బెరడు తడితడిగ ఉంది, అంటుకోనే లేదు. పక్క మడిల లక్ష్మయ్యవి పచ్చగున్నయి. అదే మొక్క, అదే తల్లి చెట్టు కన్ను, అదే వాన.

ఇంకోటి చెప్త, ఎవరితో అనకు. మేము కత్తి ముంచి కడిగే నీళ్ళ గిన్నె ఉంటది. నా గిన్నెల నీళ్ళ మీద రంగులు తేలుతున్నయి. వాన పడ్డప్పుడు రోడ్డు మీద లారీ కింద తేలుతయి చూడు, ఆ రంగులు. కిరసనాయిలో, ఏందో. వాసన చూద్దామంటే నశ్యం పీల్చి పీల్చి నా ముక్కు ఎప్పుడో పోయింది. లక్ష్మయ్య గిన్నెల ఏ రంగు లేదు.

నా గిన్నెల ఎవరు పోస్తరు? నా మడి పక్కన ఉన్నది ఎవరు?

వాడే వచ్చి "మత్తన్నా, ఒక వరుస నా కత్తితోని కట్టి చూడరాదే" అని చెయ్యి ముంగటికి పెట్టిండు. కత్తి ఇయ్యడానికి వచ్చిండా, నా చెయ్యి చూడడానికి వచ్చిండా? వాని కత్తి నేను ముట్టనన్న. నలుగురి ముంగటనే అన్న.

నర్సరీ ఓనరు సుధమ్మ వచ్చి చూసింది. నల్లగైనయి ఒక్కొక్కటే లెక్క పెట్టింది. ఇంకో మడి కట్టమన్నది. అదీ పోతే అంటు పని ఒకరే చేస్తరట, ఇంకొకరు నీళ్ళు పోస్తరట. నేను నీళ్ళు పోసేటోన్ని కాదు.

— మామ


సూర్యాపేట,
ఆగస్టు 18.

మామా,

నవ్వకుండానే చదివాను. రెండుసార్లు.

విషయం గంభీరం కనుక నా డిటెక్టివ్ టోపీ పెట్టుకుంటున్నాను. లక్ష్మయ్యకు కారణం ఉంది: నువ్వు పక్కకు జరిగితే మడి మొత్తం ఆయనదే. అవకాశం ఉంది: పక్కనే కూర్చుంటాడు. పైగా మంచివాడు. మంచివాళ్ళను మొదట అనుమానించాలని నా అనుభవం. మా షాపులో ఛార్జర్ ఎత్తుకుపోయినవాడు రోజూ "తమ్మీ తిన్నవా" అని అడిగేవాడే.

కర్తవ్యం బోధిస్తాను. గిన్నె నువ్వే తోము. నీళ్ళు నువ్వే పట్టు. మీద పళ్ళెం మూత పెట్టు. చాయ్‌కి పోయినా గిన్నె చంకలో పెట్టుకుని పో. లోకం నవ్వుతుంది, నవ్వనీ. అప్పుడు కూడా రంగులు తేలితే రాయి.

కత్తి మాత్రం మంచిగానే ఉంది కదా? ఊరికే అడిగాను.

— గోపి


అనంతగిరి,
సెప్టెంబర్ 2.

గోపికి,

నువ్వు చెప్పినట్టే చేసిన. గిన్నె నేనే తోమిన, నేనే నింపిన, చంకల పెట్టుకోని చాయ్‌కి పోయిన. ఆడోళ్ళు నవ్విన్రు. ఎవడూ దగ్గరికి రాలే. ఐనా రంగులు తేలినయి. మూడు వారాలు ఆగబుద్ధి గాక పట్టీలు ముందే విప్పిన, రెండో మడి గూడ నల్లగైంది.

అంటే గిన్నె కాదు. కత్తే.

కత్తి నాది కాదు. ఎవడో ఇనుము మార్చిండు. అది పాడు ఇనుము, చెట్టుకు విషం. మార్చేటోళ్ళు ఇద్దరే. నేను అన్నానికి పోయినప్పుడు అంగీ తీగె మీద ఉంటది, అప్పుడు లక్ష్మయ్య. లేకపోతే నువ్వు. నిన్ను ఎత్తుకోని తిరిగినోన్ని, నీ పేరు రాయాలంటే చెయ్యి వస్తలేదు. ఐనా రాస్తున్న.

సుధమ్మ అడిగితే లక్ష్మయ్య పేరు చెప్పిన. వచ్చే సోమవారం తేలుస్త అన్నది. వాడు పోతే వాడు, నేను నీళ్ళ పైపు పడితే నేను. వాడు నాతోని మాట్లాడుతలేడు. ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలు వానికి.

కత్తి పంపుతున్న. సోమవారం లోపల మిర్యాలగూడ పో. రైలు గేటు దాటినంక మిల్లుల రోడ్డు మీద సాలి అని ముసలామె సాన పడ్తది. నేను మిల్లుల ఉన్నప్పుడు ఈ కత్తి కీలు రివిటు కొట్టేసి మర ఏసింది ఆమెనే. ఆమె చేతుల పెట్టు. ఆమె ఇది మత్తయ్య కత్తి అంటే మత్తయ్య కత్తి. కాదంటే, ఎవడు మార్చిండో నేను చూసుకుంట.

ఆమె ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు రాయి. మధ్యల నీ కతలు పెట్టకు.

— మామ


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 6, శుక్రవారం.

మామా,

సాలవ్వ దుకాణం పక్కన చాయ్ బండి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం, కత్తి, రెండూ కలిపి సాయంత్రం కోదాడ బస్సులో వేస్తాను. నువ్వు చెప్పినట్టే, ఉన్నదున్నట్టు. కతలు పెట్టకుండా రాయడం నాకు అలవాటు లేదు, తప్పులుంటే క్షమించు.

సాలవ్వ ఇంకా సాన పడుతోంది. చక్రం కాలితో తొక్కుతోంది, నోట్లో ఆకు. నీ పేరు చెప్పాను.

"ఏ మత్తయ్య? చెవిటి మత్తయ్యనా, నశ్యం మత్తయ్యనా?"

"ఇద్దరూ ఒకడే అవ్వా. మా మేనమామ."

"బతికే ఉన్నడా! ఇటు తే."

కత్తి చేతిలో పెట్టగానే మూసింది, తెరిచింది, ఇనుము మీద గోరుతో కొట్టి చూసింది. "గిదే. ఈ గంట్లు నా సానవే. ఈ ఇనుము ఎవడు మారుస్తడు, ఎవనికి దొరుకుతది?" అంది. కాబట్టి మొదటి తీర్పు: కత్తి నీదే. ఎవరూ మార్చలేదు. లక్ష్మయ్య మార్చలేదు. నేనూ మార్చలేదు.

నేను అక్కడే దండం పెట్టి లేచి రావాలనుకున్నాను. ఆమె అప్పటికే మర విప్పేసింది. కీలు పక్కనుంచి తెల్లటి ముక్క తీసి ఎండకు పట్టుకుని చూసింది.

"ఇదేంది బిడ్డా? దీంట్ల ఫోను పెట్టినవా?"

మామా, అది సిమ్ కార్డు. కాలం తీరిన సిమ్ కార్డును గుండ్రంగా కత్తిరించి, మధ్యలో బొక్క పెట్టి నేనే వేశాను. మొదటి ఉత్తరంలో "కొంత సమయం గడిచింది" అని రాశానే, ఆ సమయమంతా నేను బల్ల కింద మోకాళ్ళ మీద ఉన్నాను, పట్టకారులోంచి ఎగిరిపోయిన ఇత్తడి వాచర్ కోసం. దొరకలేదు. నీకు చెప్పడానికి భయమేసింది. ఇత్తడి నెరుస్తుందని రాసింది నా బుర్రే. ఆగస్టు మొదటి వారంలో ఆ బస్సు తొందర కస్టమర్ తిరిగొచ్చాడు. "ఫోన్ ఊపితే గలగలమంటుంది, ఏందిది?" అన్నాడు. విప్పితే నీ వాచర్. నెల రోజులు ఆయన చెవి దగ్గర కాపురం చేసింది. అప్పుడైనా రాయొచ్చు. రాయలేదు. డ్రాయర్లో పెట్టి తాళం వేశాను. ఈ కాగితానికి కింద టేపు అంటించి ఉన్నది అదే.

అసలుది ఇంకా ఉంది.

నేను సిమ్ముతోనే పోయిందనుకున్నాను. సాలవ్వ నవ్వింది కూడా. తరువాత పిడి చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది. నవ్వు ఆగిపోయింది.

"నూనె ఎవడు పోసిండు?"

నేను చాయ్ బండి దిక్కు చూశాను.

"నిన్నే. కుట్టు మిషన్ నూనె ఇది. ఎవడు పోసిండు?"

"నేనే అవ్వా. తుప్పు పట్టొద్దని. జర సాఫీగా తెరుచుకోవాలని."

"ఎన్ని చుక్కలు?"

చుక్కలు కాదు మామా. టైలర్ దగ్గర డబ్బా తెచ్చి వంచాను. కీలు నిండింది, పిడి లోపలి గాడి నిండింది, ఇనుముకు కూడా రాశాను. అదీ ఐదో పని. గుడ్డతో తుడిచి కళ్ళకద్దుకున్నానని రాసింది అబద్ధం.

సాలవ్వ ఏమీ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇనుమును శుభ్రంగా గుడ్డతో తుడిచి నాకు చూపించింది, పొడిగా ఉంది. మడిచింది, తెరిచింది. మళ్ళీ తడి. ఎదురుగా సాన నీళ్ళ డబ్బా ఉంటే అందులో ముంచింది. నీళ్ళ మీద రంగులు పాకాయి. నీ గిన్నెలో చూసిన రంగులు. నీ లారీ కింది రంగులు.

"మీ మామకు కోత కోతకు కత్తి మడిచే అలవాటు," అంది. "మిల్లుల ఒక హమాలీ తొడల తెరిచిన కత్తి దిగింది. మీ మామనే భుజం మీద ఏసుకోని దవాఖానకు ఉరికిండు. అప్పటి సంది తెరిచిన కత్తి కింద పెట్టడు. వేరేటోళ్ళు వంద మొక్కలకొకసారి మడుస్తరు. ఈయన మడిచినప్పుడల్ల ఇనుము పోయి నూనెల స్నానం చేసి వస్తుంది. అది ఉల్లిగడ్డ కోసే కత్తి కాదు బిడ్డా, చెట్టుకు పుండు చేసే కత్తి. నూనె పూసిన పుండుకు ఇంకో తోలు అంటుకుంటదా?"

అంటుకోదు. మడి తరువాత మడి. వందల కన్నులు. నీ గిన్నెలో ఎవరూ ఏమీ పోయలేదు. పోసినవాడు సూర్యాపేటలో కూర్చుని, డిటెక్టివ్ టోపీ పెట్టుకుని, లక్ష్మయ్య మీద కన్నేసి ఉంచమని నీకు ఉత్తరాలు రాశాడు.

నేను అడిగాను, మరి కీలు బిగుసుకుంటే ఏం చెయ్యాలి అవ్వా అని. పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి రుద్దాలంట. పొడిగా ఉంటుంది, జారుతుంది, చెట్టుకు తగలదు. నూనెంతా పోయేదాకా నా చేతే ఆరుసార్లు స్పిరిట్‌తో కడిగించింది. ఏడోసారి నీళ్ళలో ముంచితే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పెన్సిల్ పొడి కూడా నా చేతే రుద్దించింది. వాచర్ మాత్రం వేయనివ్వలేదు. "మత్తయ్య చేతికే పంపు. నువ్వు పోగొట్టినవని ఆయన కండ్లార చూడాలె" అంది. అప్పటిదాకా సిమ్ము ముక్కే ఉంటుంది. టక్కు ఇంకా పూర్తిగా రాదు.

ఈ ఉత్తరాన్ని సోమవారం సుధమ్మ ముందు, లక్ష్మయ్య ముందు చదువు. నవ్వొచ్చే చోట్లు కూడా వదలకు. ఆ భాగాలు కూడా నేరమే.

— గోపి


కోదాడ బస్టాండు,
అక్టోబర్ 3.

గోపికి,

చెప్పేది మీ మామ మత్తయ్య. రాసేది లక్ష్మయ్య. ఎందుకో కింద చెప్త.

పట్టీలు కొనడానికి ఇద్దరం కోదాడ వచ్చినం. బస్సుకు ఇంకా టైముంది.

నీ ఉత్తరం ఆదివారం ప్రార్థన కాంగనే అందింది. సోమవారం సుధమ్మ ముంగట నిలబడి చదివిన. నా గొంతు నాకు వినపడదు గదా, రోడ్డు మీద పోయేటోళ్ళు బండ్లు ఆపి విన్నరట. సిమ్ము దగ్గర సుధమ్మ నవ్వింది. నూనె దగ్గర నవ్వలే. లక్ష్మయ్య ఎక్కడా నవ్వలే. చదివినంక కాగితం మడిచి, "తప్పు నాది తమ్మీ" అన్న. వాడు ఏదో అన్నడు. నాకు వినపడలే. మళ్ళ అడగడానికి ముఖం చెల్లలే.

(మత్తన్న చెప్పుడు ఆపిండు కాబట్టి రాస్తున్న: నేను ఏమీ అనలేదు. తల ఊపిన, గంతే. — ల.)

నువ్వు రావాల్సింది గోపీ. మిర్యాలగూడ నుంచి కోదాడ ఎంత దూరం? ఉత్తరం బస్సెక్కింది, నువ్వు ఎక్కలే. నూనె మర్చిపోత గానీ అది మర్చిపోను.

సుధమ్మ ఇంకో రెండు వందల మొక్కలు కట్టమన్నది. నీ కత్తి మీద నాకింకా నమ్మకం రాలే. నీ కత్తి అంటున్న, చూసినవా, నా కత్తే. అందుకని లక్ష్మయ్య కత్తి అడిగిన. నలుగురి ముంగట ముట్టనన్నదే, నలుగురి ముంగటనే అడిగిన. ఇచ్చిండు. మొన్న పట్టీలు విప్పినం. పచ్చగున్నయి. ఇరవై దాక పోయినయి. అవి ఎప్పుడూ పోతయి.

ఇగ చేతి సంగతి. నా రాత చూసి ఎవరో రాస్తున్నరన్నవ్. పెన్ను మంచిది కాదన్న. అబద్ధం. ఎండకాలం సంది చెయ్యి వణుకుతుంది. చాయ్ సగం సాసర్లనే తాగుతున్న. కన్నులు నల్లగైనప్పుడు నా చెయ్యే తప్పిందనుకున్న. రెండు వారాలు నిద్ర లేదు. నా చెయ్యి అని ఒప్పుకోలేక లక్ష్మయ్య చెయ్యి అన్న. నువ్వు వాచర్ దాచినవ్, నేను చెయ్యి దాచిన. మేనమామ పోలిక ఎక్కడ పోతది?

ఇది కూడా రాయమని వీనికి చెప్తుంటే వీడు పెన్ను ఆపి నా దిక్కు చూస్తుండు. రాయి రా అంటున్న.

ఇత్తడి వాచర్ ఏసుకున్న. టక్కు వచ్చింది. సిమ్ము ముక్క పారెయ్యలే. నశ్యం డబ్బాల పెట్టుకున్న, నీ మీద కోపం తగ్గినప్పుడల్ల చూసుకోవడానికి.

ఈ పొట్లంల ఉన్నది నా కత్తి కాదు, లక్ష్మయ్యది. దానికీ జిగురు పట్టింది. నీతోనే విప్పిస్తడట. వద్దురా అన్న. వింటలేడు. విప్పు, కడుగు, ఆరబెట్టు, బిగించు. ఐదోది చెయ్యకు. చేస్తే చేసిన అని రాయి. ఏదన్న ఎగిరిపోతే ఎగిరిపోయిందని రాయి.

— మామ

తమ్మీ గోపీ, ఇది నేను, లక్ష్మయ్యను. మత్తన్న నశ్యం కొనడానికి పోయిండు, వచ్చేలోపల రాస్తున్న. నేను ఆయన చేతుల దిక్కు చూస్తున్ననని ఆయనకు అనుమానం గదా. చూసిన మాట నిజమే. చాయ్ గ్లాసు పట్టుకుంటే వణుకుతయి. సంతకం పెడుతుంటే వణుకుతయి. కన్ను కోసేటప్పుడు వణకవు. కత్తి బెరడుకు తగిలిందంటే చెయ్యి రాయి లెక్క నిలబడ్తది. అదెట్లనో నేర్చుకుందామనే చూస్తున్న. చెప్దామంటే ఆయనకు వినపడదు, గట్టిగ చెప్తే నర్సరీ అంత వింటది. నువ్వు ఉత్తరంల రాయి.

నా కత్తి జర జాగ్రత్త. నీ మీద అనుమానం కాదు గానీ, పొట్లం కట్టే ముందు సందుల టార్చి కొట్టి చూసిన. వాచర్లు రెండు ఉన్నయి.